నష్టం పద్దు నుండి నేల రుణం దాకా: బంగారు తవ్వకాల పాదరసం, నేలశుద్ధి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: బంగారు తవ్వకం నేలలో విడిచిన పాదరసాన్ని తొలగించడం సాధారణంగా సాంకేతిక సమస్యగానే చర్చకు వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు కాలిఫోర్నియానూ, నేటి పెరూలోని మాద్రె దె దియోస్ ప్రాంతాన్నీ పక్కపక్కన నిలిపి, తవ్వకాన్ని ఆపే చట్టం దానంతటది నేలను శుద్ధి చేయదని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పాదరసం, ఇంగిలీకం, చిన్నతరహా బంగారు తవ్వకం, నేలశుద్ధి, మినమాటా ఒప్పందం.

1. ఉపోద్ఘాతం

ఇసుకలోని సన్నని బంగారు రేణువులు పాదరసంతో కలిసి ముద్ద కడతాయి. దీన్నే అమాల్గం అంటారు. ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. పెద్ద యంత్రాలు అక్కరలేని పద్ధతి కనుకనే ఇది పేద తవ్వకందార్లకు నేటికీ ఆధారం. మానవ కార్యకలాపాల వల్ల 2015లో గాలిలో కలిసిన సుమారు 2,220 టన్నుల పాదరసంలో దాదాపు 38 శాతం చిన్నతరహా బంగారు తవ్వకానిదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా వేసింది. నేలలోనూ నీటిలోనూ కలిసింది దీనికి అదనం.

2. కాలిఫోర్నియా: పద్దులోని నష్టం

1848 జనవరిలో కొలోమా వద్ద బంగారం బయటపడేనాటికే శాన్ హోసే సమీపంలోని న్యూ ఆల్మడెన్‌లో పాదరసపు ఖనిజమైన ఇంగిలీకం ఉన్నట్లు తెలుసు. మొదట ఎవరికి వారు పళ్లేలతో ఇసుక కడిగారు. 1853 నుండి కొండవాలును బలమైన నీటిధారతో కోసే హైడ్రాలిక్ పద్ధతి వ్యాపించింది. కరిగిన మట్టి పొడవైన చెక్కకాలువల గుండా పారేది. వాటి అడుగున పోసి ఉంచిన పాదరసంలో ఒక్కో తవ్వకపు కాలంలో 10 నుండి 30 శాతం కొట్టుకుపోయేది. ఆ రాష్ట్రంలో బంగారం తీయడానికి వాడిన పాదరసం మొత్తం సుమారు 2.6 కోట్ల పౌండ్లు, అంటే దాదాపు 11,800 టన్నులని అమెరికా భూగర్భ సర్వే లెక్క. గని యజమానికి పోయిన పాదరసం తిరిగి కొనవలసిన సరుకు మాత్రమే. అది ఖర్చు పద్దుకెక్కింది కాని, దిగువ నేల పద్దుకు ఎక్కలేదు.

3. 1884 నాటి తీర్పు – దాని పరిధి

గనుల మట్టి యూబా నదిని పూడ్చి, మేరీస్‌విల్ పరిసర పొలాలను ముంచెత్తింది. 1884 జనవరి 7న న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ మట్టిని నదుల్లోకి వదలడాన్ని నిషేధించాడు. పర్యావరణ చరిత్రలో ఇది మైలురాయి. అయితే వ్యాజ్యమంతా గులకరాళ్లు, ఇసుక, బురద చుట్టూ తిరిగింది. కంటికి కనిపించిన హానికే న్యాయం లభించింది. ఇందుకు న్యాయస్థానాన్ని తప్పుపట్టడం కాలవిరుద్ధమవుతుంది. మినమాటా వ్యాధి అధికారికంగా వెలుగులోకి వచ్చింది 1956లో. ఒండ్రులోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మరింత విషపూరితమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయని ప్రయోగపూర్వకంగా తేలింది 1969లో. డచ్ ఫ్లాట్ ప్రాంతంలోని పోలార్ స్టార్ గని సొరంగాన్ని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శుద్ధి చేసింది 2000లో. అంటే తీర్పుకూ ఈ శుద్ధికీ మధ్య 116 ఏళ్లు గడిచాయి. అదీ ఒక్క సొరంగానికి పరిమితం. నదుల వెంట పరుచుకున్న ఒండ్రును అలా ఒకచోట పోగుచేయడం సాధ్యం కాదు.

4. శుద్ధి అనే మాటకు అర్థం

పాదరసం మూలకం కనుక దాన్ని నాశనం చేయలేం. మట్టిని తవ్వి వేరొకచోట భద్రపరచవచ్చు. వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా రాబట్టి తిరిగి చల్లార్చి పట్టవచ్చు. గంధకంతో కలిపి, నీటిలో దాదాపు కరగని పాదరస సల్ఫైడుగా మార్చవచ్చు. ఈ మూడో మార్గం చరిత్రను వెనక్కి నడిపినట్లుంటుంది. ఇంగిలీకాన్ని కాల్చి పాదరసం తీసిన మనిషి, దాన్ని మళ్లీ ఇంగిలీకపు రూపంలో బంధించడానికి ప్రయత్నిస్తున్నాడు. ఇవన్నీ హద్దులు తెలిసిన, ఖర్చు భరించే యజమాని ఉన్న స్థలానికి తగిన పద్ధతులు.

5. మాద్రె దె దియోస్: హద్దులు లేని స్థలం

పెరూ అమెజాన్‌లోని ఈ ప్రాంతంలో అలాంటి హద్దు గీయడం కష్టం. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం లా పంపాలోని అక్రమ తవ్వకందార్లను పెద్దయెత్తున తొలగించింది. గుంతలు మాత్రం నీటి మడుగులై మిగిలాయి. నిలిచిన నీరు మిథైల్ పాదరసం ఏర్పడటానికి అనువైనది. ఇదిగాక అమాల్గం కాల్చినప్పుడు లేచిన ఆవిరి చెట్ల ఆకులకు పట్టి, వానతోనూ ఆకురాల్పుతోనూ అడవి నేలకు దిగుతుంది. పార పడని చోట కూడా నేల కలుషితమవుతోంది. కాబట్టి ఇక్కడ తవ్విపోయడం కంటే, బొగ్గుపొడి కలిపిన మట్టిలో మొక్కలు నాటి నేలకు మళ్లీ పచ్చదనం తెచ్చే ప్రయోగాలకే ప్రాధాన్యం లభిస్తోంది. వీటివల్ల నేల కోత తగ్గుతుంది. పాదరసం మాత్రం మాయం కాదు.

6. ముగింపు

2013లో ఆమోదం పొంది 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందంలోనూ పాత వెలితి కనిపిస్తుంది. చిన్నతరహా తవ్వకంలో పాదరస వినియోగాన్ని తగ్గించే చర్యలు తీసుకోవాలని ఏడో అధికరణం విధిస్తుంది. కలుషిత స్థలాల విషయంలో పన్నెండో అధికరణం, వాటిని గుర్తించి మదింపు వేసే వ్యూహాల రూపకల్పనకు దేశాలు ప్రయత్నించాలని మాత్రమే అంటుంది. విధికీ ప్రయత్నానికీ మధ్యనున్న ఈ దూరమే కాలిఫోర్నియాలో శతాబ్దానికి పైగా సాగింది. ఎక్కడ, ఎంత పాదరసం పోయిందో తవ్వకం సాగుతున్న రోజుల్లోనే నమోదైతే శుద్ధికి హద్దులైనా తెలుస్తాయి. లేకపోతే ఒక తరం నష్టం పద్దు, ఆ బంగారాన్ని ఎన్నడూ కళ్లచూడని మరో తరానికి తీరని రుణంగా సంక్రమిస్తుంది.