వేలిముద్ర తీసుకున్నారు, మాట అడగలేదు

పిల్లల విషయంలో సర్కారు బుద్ధి తెలియాలంటే చట్టాలకంటే ముందు ఫారాలు చదవండని కొత్తగా చేరిన వాళ్లకు చెప్పేదాన్ని. సామాజిక పరిశోధన నివేదిక అని ఒకటుంది, ఇప్పుడు దాని నంబరు 22. తండ్రి సంపాదన ఎంత, తాగుతాడా, ఇల్లు ఎట్లుంది, ఇరుగుపొరుగు ఏమంటున్నారు, ఇవన్నీ నింపాలి. సోషల్ వర్కర్‌గా ఉద్యోగమంతా ఆ కాగితాలు నింపుతూనే గడిపాను. కుటుంబం గురించి రాయడం మాకు బాగా వచ్చు. కుటుంబంతో కూర్చుని తేల్చడమే రాదు. ఈ అలవాటు వయసు నూరేళ్లు దాటింది.

1920లో మద్రాసు ప్రెసిడెన్సీ తెచ్చిన బాలల చట్టం దేశంలో మొదటిది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి ఆ దారి పట్టాయి. నమూనా మాత్రం బ్రిటన్‌లోని 1908 చట్టం. బిచ్చమెత్తుతున్న పిల్ల, తండ్రి జైల్లో ఉన్న పిల్లవాడు, తాగుబోతు చేతిలో పడ్డ పసివాడు కనిపిస్తే పోలీసు తెచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. మేజిస్ట్రేటు గుర్తింపు పొందిన స్కూలుకో, తనకు తగినవాడు అనిపించిన వ్యక్తికో అప్పగిస్తాడు. ఆ తగినవాడు మేనమామ కావచ్చు, పాదిరీ కావచ్చు. ఎవరన్నది మేజిస్ట్రేటు ఇష్టం. పేద ఇల్లే రోగమనీ, పిల్లను అక్కణ్నించి తీసేయడమే వైద్యమనీ ఆనాటి దొరల నమ్మకం. వాళ్లు వెళ్లిపోయినా నమ్మకం ఇక్కడే ఉండిపోయింది.

1960లో కేంద్రపాలిత ప్రాంతాలకు చేసిన చట్టంలో బాలల సంక్షేమ బోర్డు అన్న మాట వచ్చింది. 1986 చట్టం దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టింది. 2000 చట్టంతో బోర్డు పోయి కమిటీ వచ్చింది: ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో ఒక్కరైనా మహిళ. అదే చట్టం పిల్లను తిరిగి ఇంటికి చేర్చడమే హోముల ప్రధాన లక్ష్యమని రాసింది. రాత బాగుంది. ఆ రాత అమల్లోకి వచ్చిన 2001లోనే మన ఉమ్మడి రాష్ట్రం పరువు మరోసారి బజారున పడింది.

1999లో ఒకసారి, 2001లో మరోసారి, లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొని హైదరాబాద్ సంస్థల ద్వారా విదేశాలకు దత్తత పంపుతున్న వ్యవహారం బయటపడింది. నల్లగొండ జిల్లా, ముఖ్యంగా దేవరకొండ వైపు, అప్పట్లో రోజూ పేపర్లలో ఉండేది. దళారులు తండా తండా తిరిగారు. అరెస్టులు జరిగాయి, సంస్థలు మూతపడ్డాయి, పసివాళ్లను యూసఫ్‌గూడ శిశు విహార్‌కు తరలించారు. జనం నోట నలిగింది డబ్బు సంగతి. నన్ను నిలదీసింది మాత్రం కాగితం. బిడ్డను వదులుకుంటున్నట్టు పత్రాలున్నాయి, వాటి కింద తల్లుల వేలిముద్రలున్నాయి. చట్టం అడిగిన సమ్మతి కాగితం మీద దొరికింది. చదువురాని బాలింత, పురిటి వాసన ఇంకా పోని ఇల్లు, పక్కన దళారి, తెలియని భాషలో రాసిన పత్రం. దాన్ని సమ్మతి అనగలిగినవాడు ఏదైనా అనగలడు.

2001లోనే ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల వద్దనుకోవడం, వీటిని కారణంగా చూపి బిడ్డను వదులుకోవడానికి వీల్లేదు. కొన్నవాడి కొమ్ము విరిచింది, మంచిదే. కానీ నాలుగో ఆడపిల్లను కన్న తల్లికి ఆ ఉత్తర్వు ఏమిచ్చింది? వద్దనే మాట తప్ప గ్లాసెడు పాలు ఇవ్వలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆ తండాలకు విచారణలకు వెళ్లేదాన్ని. ఒక అమ్మమ్మ జొన్నలు చెరుగుతూ అంది, "మేడమ్, పోలీసులొచ్చి అడిగిన్రు, పేపరోళ్లొచ్చి అడిగిన్రు. పిల్లను నువ్వు సాకుతవా అని ఒక్కరన్నా అడిగిన్రా?" అదే తండాలో నాయక్, డావ్, కార్భారి అని పెద్దలుంటారు. తగాదాలు, పెళ్లిళ్లు వాళ్ల దగ్గర తేలతాయి. ఈ గొడవలో వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిన అధికారిని నేను చూడలేదు. అలాగని పంచాయితీని నెత్తిన పెట్టుకోమనను. అక్కడ మాట్లాడేదంతా మగవాళ్లే, బిడ్డను కన్నామె దడి అవతల ఉంటుంది.

అదే కాలంలో రంగారెడ్డి జిల్లాలో ఇంకో పని నడిచింది. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పాలేరు పిల్లలను పని మాన్పించి బడిలో వేయడం మొదలుపెట్టింది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట పెట్టిన సంస్థ అది. వాళ్లు పిల్లను ఎత్తుకుపోలేదు. రాత్రిళ్లు తల్లిదండ్రులు కూలి నుంచి వచ్చాక గుడిసె ముందు కూర్చున్నారు. ఆసామినీ సర్పంచ్‌నూ బడిపంతులునూ ఊరి సభకు పిలిచి అందరి ముందూ తేల్చారు. పేదవాడికి బిడ్డ సంపాదనే ముఖ్యమన్న మాట అబద్ధమని అక్కడ రుజువైంది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఇంత దగ్గర ఉదాహరణ పెట్టుకుని మా శాఖ నేర్చుకున్నది తక్కువ.

కుటుంబాన్ని అడగడాన్ని చట్టంగా చేసిన దేశం న్యూజిలాండ్. అక్కడి ఆదివాసులైన మావోరీల జనాభా తక్కువ, సర్కారు హోముల్లో వాళ్ల పిల్లలు ఎక్కువ. తూహోయ్ తెగ పెద్ద జాన్ రంగిహౌ అధ్యక్షతన ఒక కమిటీ 1980ల నడుమ ఊరూరా తిరిగి సంక్షేమ శాఖను కడిగేసింది. దాని ఫలం 1989 చట్టం. దాని ప్రకారం, పిల్ల విషయం తేల్చాల్సి వస్తే కోఆర్డినేటరు తాతమ్మలను, బాబాయిలను, మేనత్తలను పిలుస్తాడు. డాక్టరూ పోలీసూ సోషల్ వర్కరూ తమకు తెలిసింది చెబుతారు. తర్వాత లేచి బయటికి పోతారు! లోపల కుటుంబమే మాట్లాడుకుంటుంది. ఆఫీసర్లు బయట, అమ్మమ్మ లోపల. మా బాలల సంక్షేమ కమిటీల్లో నేను చూసింది దీనికి సరిగ్గా ఎదురు. ఒకచోట అమ్మమ్మ పొద్దుటి బస్సులో వచ్చి సాయంత్రం దాకా వరండాలో కూర్చుంది. ఆమెను లోపలికి పిలిచేసరికి ఆర్డరు టైపయి ఉంది.

న్యూజిలాండ్ చట్టమూ మంత్రం కాలేదు. సభలు పెట్టారు గానీ సభ తేల్చిన దానికి డబ్బు సరిగా ఇవ్వలేదు. 2019లో హేస్టింగ్స్ ఆసుపత్రిలో ఒక మావోరీ తల్లి నుంచి పురిటిబిడ్డను అధికారులు తీసుకోబోతే దేశమంతా గగ్గోలు పుట్టింది.

ఇప్పటి మన 2015 చట్టం మూడో సెక్షన్‌లో పిల్లను సాకే మొదటి బాధ్యత కుటుంబానిదంటుంది, సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమంటుంది. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మళ్లీ ఆలోచించుకునేందుకు రెండు నెలల గడువిస్తుంది. విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలి. 15 రోజుల్లో నివేదిక రాయొచ్చు, మేనమామ వలస వెళ్లిన చోటు నుంచి రాలేడు. పైగా బస్సు ఛార్జీ ఎవరిస్తారు?

నా ఉద్యోగంలో చూసిన మార్పుల్లో పెద్దది చట్టం కాదు, స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకం కింద బంధువుల దగ్గర పెరుగుతున్న అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. అమ్మానాన్న లేని మనవణ్ని సాకుతున్న అమ్మమ్మ మీ వీధిలో ఉంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టించండి, దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. కమిటీ పిలిచిన రోజు ఆమెను ఒంటరిగా పంపకండి. మీరూ వెంట వెళ్లి, ఆమెను ముందు లోపలికి పిలవమని అడగండి.