ఇంటి కారు, ఉప్పు, ఉక్కు గొట్టము

మోటారు కారు చరిత్ర చెప్పువారు సాధారణముగా ఇంజను చరిత్రతోనే తృప్తిపడుదురు. బండిని కదలించినవారి పేర్లు పాఠ్యపుస్తకములకు ఎక్కినవి. ఆపినవారి పేర్లు అంతగా వినిపించవు. కాని ఆగుట కూడ ఒక విద్యయే. ఆ విద్యకు సుమారు నూరేండ్లుగా ఆధారమైనది పెన్సిలుకన్న సన్నని ఒక ఉక్కు గొట్టము. దాని వెలుపలి వ్యాసము 4.76 మిల్లీమీటర్లు, గోడ మందము 0.71 మిల్లీమీటరు. మెకానిక్కులు దానిని బ్రేకు పైపు అందురు. కారు కొత్తగా ఉన్నన్నాళ్ళు దాని సంగతి ఎవరికిని పట్టదు. బండి పాతబడి, ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారిన పిమ్మటనే అది తన ఉనికిని తెలుపును. ఒక్కొక్కప్పుడు ఆ తెలుపుట చాల కఠినముగా ఉండును. ఆ గొట్టము కథనే ఇప్పుడు మనము ముచ్చటించుకొందము.

తొలినాటి కార్లలో కాలితో నొక్కిన బలమును చక్రములకు చేర్చినవి ఇనుప కడ్డీలు, తీగత్రాళ్ళు. నాలుగు చక్రములకును ఒకే పట్టు కుదుర్చుట వానితో బ్రహ్మప్రళయమయ్యెడిది. ఒక చక్రము ముందు బిగియును, మరొకటి ఆలస్యముగా బిగియును. బండి ఒక ప్రక్కకు లాగును. మూత వేసిన ద్రవముపై చూపిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా ప్రసరించునని పాస్కల్ పండితుడు పదునేడవ శతాబ్దిలోనే చెప్పియుండెను. 1795లో జోసెఫ్ బ్రామా ఆ సూత్రముతోనే నీటి ఒత్తిడి యంత్రమును నిర్మించినాడు. ఆ సూత్రమును కారు చక్రములకు అన్వయించి, 1917లో పేటెంటు పొందినవాడు అమెరికా దేశీయుడగు మాల్కం లాగ్‌హెడ్. ఇతడును, ఇతని సోదరుడు అల్లనును అంతకు మునుపే, 1913లో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతముపై తాము కట్టిన నీటివిమానమును ఎగురవేసినవారు. తరువాత ఆ ఇంటిపేరు ‘లాక్‌హీడ్’గా మారి, ఒకవంక విమానములకును, ఇంకొకవంక బ్రేకులకును గుర్తుగా నిలిచినది.

1921లో డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రముల హైడ్రాలిక్ బ్రేకులు అమర్చబడినవి. అది ధనవంతుల బండి. మధ్యతరగతి కుటుంబమునకు ఆ సదుపాయము 1924లో క్రైస్లర్ కారుతో వచ్చినదనవచ్చును. మొదట వాడిన తోలు బిళ్ళలు కారుచుండగా, వాని స్థానమున క్రైస్లర్ ఇంజనీర్లు రబ్బరు కప్పులు పెట్టినారు. ఆ గొట్టములలో పోసిన ద్రవమేమో తెలిసిన మన పాఠకులకు కొంత ముచ్చట కలుగకపోదు. అది ఆల్కహాలుతో కలిపిన ఆముదము. ఖనిజ తైలము తగిలినచో నాటి సహజ రబ్బరు ఉబ్బి పాడగును. ఆముదమునకు ఆ దోషము లేదు. నల్లగొండ, మహబూబునగరము మెట్టచేలలో పండు గింజకు డెట్రాయిట్ బండి పెడలు క్రింద ఇటువంటి గౌరవము లభించినదని మన పెద్దలలో ఎందరికి తెలిసియుండునో!

హెన్రీ ఫోర్డు మాత్రము ఈ కొత్తదనమును చాల కాలము నమ్మలేదు. ఇతర కంపెనీలన్నియు మారిన పిమ్మట, 1939 మోడలు కార్లకుగాని ఆయన హైడ్రాలిక్ బ్రేకులు పెట్టనీయలేదు. దీనిని వృద్ధుని మొండితనముగా చరిత్రకారులు వ్రాయుదురు. మొండితనమే. అయినను అందులో గోరంత నిజమున్నదని మేము తలచుచున్నాము. కడ్డీ వదులైనచో కాలికి ముందుగానే తెలియును. గొట్టము లోలోపల క్షీణించుచున్నను పెడలు ఎప్పటివలెనే గట్టిగా ఉండును. అది చిట్లువరకును తొక్కువానికి ఏ సూచనయు అందదు.

ఆ గొట్టమును చేయు పద్ధతి సాధారణమైనది కాదు. డెట్రాయిట్‌లోని బండీ కంపెనీ పేరున ప్రసిద్ధికెక్కిన విధానమిది: రాగిపూత పూసిన పలుచని ఉక్కు పట్టీని రెండు చుట్లు గొట్టముగా చుట్టి కొలిమిలో కాల్చుదురు, రాగి కరగి చుట్లను అతికించును. చవుక, బలము, వంచిన వంగుట, ఈ మూడు గుణములు ఒక్కచోట చేరినందున దశాబ్దములపాటు దానికి ఎదురులేకపోయెను. బలముగా బ్రేకు వేసినపుడు అందులోని ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 70 కిలోగ్రాములు దాటును. కారు టైరులో ఉండునది సుమారు రెండు కిలోగ్రాములే. అంతటి ఒత్తిడినైనను క్రొత్త గొట్టము అవలీలగా తాళుకొనును. తుప్పు తిని గోడ కాగితమువలె పలుచనైన గొట్టము సైతము మామూలు తొక్కుడునకు నిలుచును. ఎవరైన అడ్డువచ్చినపుడు, ప్రాణభయముతో బలమంతయు పెట్టి తొక్కినపుడే అది పగులును. ఎప్పుడు మిక్కిలి అవసరమో అప్పుడే విఫలమగుట ఈ లోపములోని క్రౌర్యము.

తుప్పునకు ఆహ్వానము పంపినది ఉప్పు. మంచు కురియు దేశములలో పూర్వము బాటలపై ఇసుక, బూడిద చల్లెడివారు. 1941-42 చలికాలమున అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రము ఉప్పు చల్లుటనే విధానముగా స్వీకరించినది. ఆ ఏడు దేశమంతటను రహదారులపై పడిన ఉప్పు 5,000 టన్నులని లెక్క. యుద్ధానంతరము ఇంటింటికి కారు వచ్చినది, రహదారులు విస్తరించినవి, మంచు కురిసిన కొలది గంటలలోనే నల్లని బాట కనబడవలెనని ప్రజలు కోరినారు. 1955 నాటికి 10 లక్షల టన్నులైన ఉప్పు, పదునైదేండ్లు తిరుగకమునుపే కోటి టన్నులకు చేరువైనది. ఉప్పునీరు విద్యుద్వాహకము, తేమను పట్టియుంచును, ఇనుముపై ఏర్పడు రక్షణపొరను ఛేదించును. గొట్టమును చట్రమునకు బిగించిన పట్టీల క్రింద బురదయు ఉప్పును చేరి, వేసవిలో సైతము చెమ్మగా ఉండును. అక్కడనే మొదట పొక్కులు లేచును. బాటపై ప్రాణములు కాపాడుటకు చల్లిన ఉప్పే బండి క్రింద ప్రాణములకు ముప్పు తెచ్చినదన్నమాట.

ప్రభుత్వములు రెండు త్రోవలు పట్టినవి. బ్రిటనులో 1960లో, రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ కాలమున, పదేండ్లు దాటిన కార్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు పరీక్ష ప్రారంభమైనది. పరీక్షకు వచ్చిన బండ్లలో తప్పినవి విస్తారముగా ఉండుటచే మరుసటి ఏటనే హద్దును ఏడేండ్లకును, 1967లో మూడేండ్లకును తగ్గించినారు. అమెరికా బండి నిర్మాణమును సరిదిద్దబూనినది. 1966లో వాహన భద్రతా చట్టము వచ్చినది. 1968 మొదలుకొని ప్రతి క్రొత్త కారునకు బ్రేకు మార్గములు రెండుగా విడిపోవలెనని శాసించినారు. ఒక గొట్టము పగిలినను రెండవ మార్గముపై సగము బ్రేకు మిగులును. ఇది గొప్ప మేలు. అయితే కొన్ని బండ్లలో ఆ రెండు మార్గముల గొట్టములును ఒకే పట్టీ క్రింద, ఒకే బురదలో పక్కపక్కనే పరుండుట కలదు.

లోహమునే మార్చినవారు స్వీడనువారు. 1976 నుండి వోల్వో కార్లకు రాగి సుమారు 90 పాళ్ళు, నికెలు 10 పాళ్ళు, కొంచెము ఇనుము కలిసిన మిశ్రలోహపు గొట్టములు అమర్చినారు. ఓడలలో సముద్రజలము పారు నాళములకు వాడుకలోనున్న జాతి లోహమిది, ఉప్పునకు వెరవదు. ఉక్కుకన్న వెల ఎక్కువ. వెల ఎక్కువ అన్న ఒక్క మాటవలననే అది తక్కిన బండ్లలో పెక్కింటికి దూరమైనది.

ఇక ఈ కథలో మనకు సన్నిహితమైన ఘట్టము. 1999 నుండి 2003 వరకు జనరల్ మోటార్స్ వారు చేసిన పికప్ ట్రక్కులు, పెద్ద కుటుంబ వాహనములలో బ్రేకు గొట్టములు తుప్పుపట్టి పగులుచున్నవని 2010లో అమెరికా రహదారి భద్రతా సంస్థకు ఫిర్యాదు చేరినది. 2011లో విచారణ విస్తృతమైనది. ఉప్పు చల్లు ఇరువది రాష్ట్రములలోనే అట్టివి సుమారు 18 లక్షల బండ్లు. 2015 ఏప్రిలులో సంస్థ తన నిర్ణయము ప్రకటించినది: ఇది నిర్మాణ దోషము కాదు, వయసు మీరిన బండి అరుగుదల, ఇతర కంపెనీల బండ్లలోను ఇదే జరుగుచున్నది, కనుక కంపెనీ వెనుకకు పిలిచి బాగుచేయనక్కరలేదు. చలికాలము ముగియగనే బండి అడుగుభాగము కడుగుడనియు, ఏడెనిమిదేండ్లు దాటిన బండ్లకు గొట్టములు చూపించుకొనుడనియు, పొరలు లేచినచో ఒక్క ముక్క కాక మొత్తము గొట్టముల వరుసనే మార్పించుడనియు యజమానులకు సలహా యిచ్చినది.

సలహా మంచిదే. నిర్ణయముతో మాత్రము మేము పూర్తిగా ఏకీభవింపజాలము. అరుగుట స్వభావమైనచో, అరుగునని అమ్మునపుడే చెప్పవలసినది. బ్రేకు పట్టీ అరుగునని అందరికి తెలియును, దాని మార్పు ఖర్చులో చేరియే యుండును. గొట్టము ఆయువు బండి ఆయువుకన్న తక్కువయని ఎవరు చెప్పినారు? ఆ బండి మొదటి యజమాని ఏనాడో దానిని వదలించుకొనినాడు. మూడవ చేతిలో, తక్కువ వెలకు కొన్న కుటుంబము చేతిలో అది పగులును. డెట్రాయిట్, చికాగో, న్యూజెర్సీ ప్రాంతములలో చదువులకు పోయి పాత కారు కొనుక్కొను మన తెలుగు పిల్లలును ఆ మూడవ చేతులలోని వారే. మిషిగన్ రాష్ట్రములో సొంతకార్లకు ఏటేట తనిఖీ లేదు. న్యూజెర్సీవారు, ఆ ఫిర్యాదు చేరిన 2010లోనే, సొంతకార్లకు బ్రేకుల తనిఖీ మాని పొగ పరీక్షను మాత్రము ఉంచుకొనినారు. పెన్సిల్వేనియా, న్యూయార్కులలో బ్రేకుల తనిఖీ కలదు.

మన బాటలపై ఉప్పు చల్లువారు లేరు. సముద్రుడు ఆ పని కొంత చేయుచున్నాడు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము తీరములలో ఆరుబయట నిలిపిన బండి అడుగున ఉప్పుగాలి పని చూడవచ్చును. సొంతకారు రిజిస్ట్రేషను గడువు 15 ఏండ్లు. తిరిగి పొడిగించునపుడుగాని అధికారి బండిని చూడడు. ఇది గాక లోపలినుండి వచ్చు తుప్పు ఒకటి కలదు. ఆముదము పోయి వచ్చిన నేటి బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. సామాన్యపు రకము క్రొత్తగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదు, నూటికి 3.7 పాళ్ళు నీరు చేరిన పిమ్మట 140 డిగ్రీలు నిలిచిన చాలునని ప్రమాణము. ఆ నీరు లోహమును లోపల తినును. ఘాటుదిగుడులో మరిగి ఆవిరియై పెడలును మెత్తబరచును. రెండేండ్లకొకసారి పాత ఆయిలు తీయించి క్రొత్తది పోయించుట అందుచేతనే.

షెడ్డులో బండిని పైకెత్తినపుడు యజమాని స్వయముగా క్రిందికి వంగి చూడవచ్చును. వెనుక చక్రములవైపు సాగు గొట్టము, పట్టీ క్రింద దూరుచోటు, వంపులు ముఖ్యము. పైపైన ఎఱ్ఱని పొడి ఉన్నంతలో భయము లేదు. గోటితో గీకినపుడు పెచ్చులు ఊడినను, తడి కనబడినను, బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము కారణము లేక తగ్గినను, పెడలుమీద కాలు నిలిపియుంచినపుడు అది మెల్లగా దిగుచున్నను, ఆ బండిని నడుపుకొని ఇంటికి తీసికొనిపోరాదు.