విశాఖ సాగరగర్భంలో ‘ఘాజీ’

1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి విశాఖపట్నం తీరవాసులకు సముద్రం వైపు నుంచి భారీ విస్ఫోటం వినిపించింది. ఆనాటి సాయంకాలమే పాకిస్తాన్ విమానాలు పశ్చిమ సరిహద్దులోని భారత వైమానిక స్థావరాలపై దాడి జరిపాయి. యుద్ధం మొదలై అప్పటికి కొన్ని గంటలు మాత్రమే గడిచింది. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ అద్దాలు కంపించాయని ఆ రాత్రి మేల్కొని ఉన్నవారు చాలాకాలం చెప్పుకునేవారు. తరువాత సముద్రంలోకి వెళ్లిన జాలరులకు నీటిపై నూనె తెట్టె, తేలియాడుతున్న శకలాలు కనిపించాయి. పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన ‘ఘాజీ’ అనే జలాంతర్గామి, అందులోని 90 మందికి పైగా సిబ్బందితో సహా, రేవు ముఖద్వారానికి అతి చేరువలో మునిగిపోయిందని క్రమంగా తేలింది. వారిలో ఒక్కరూ బ్రతకలేదు.

ఈ నౌక చరిత్ర విశాఖలో ముగిసింది గాని, అక్కడ మొదలు కాలేదు. అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకా నిర్మాణ కేంద్రంలో రూపుదిద్దుకొని, 1944 డిసెంబరు 1న జలప్రవేశం చేసి, 1945 మార్చి 31న అమెరికా నౌకాదళంలో చేరినప్పుడు దాని పేరు ‘డయాబ్లో’. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం సైతాను. టెంచ్ తరగతికి చెందిన ఈ జలాంతర్గామి పొడవు సుమారు 95 మీటర్లు. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు ఉండేవి. జపాన్‌పై యుద్ధంలో పాల్గొనడానికి అది పెర్ల్ హార్బర్ నుంచి మొదటి గస్తీకి బయలుదేరింది 1945 ఆగస్టు 10న. అయిదు రోజుల్లో యుద్ధమే ఆగిపోయింది. ఆ విధంగా తొలి యుద్ధం దానికి అందకుండానే పోయింది.

1964 జూన్ 1న అమెరికా ఈ నౌకను పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. పేరు ఘాజీగా మారింది. ఉపఖండంలో ఏ దేశానికైనా జలాంతర్గామి ఉండడం అదే ప్రథమం. 1965 యుద్ధంలో అది బొంబాయి తీరం వెలుపల పొంచి ఉన్నది. భారత నౌక ఏదీ దాని చేతిలో మునగలేదు. అయినా నీటి అడుగున ఒక శత్రునౌక ఉన్నదన్న ఎరుక ఉపరితల నౌకల సంచారాన్ని ఎంతగా నియంత్రిస్తుందో భారత నౌకాదళానికి ఆ యుద్ధంలో అనుభవానికి వచ్చింది. సోవియట్ యూనియన్ నుంచి పొందిన మన తొలి జలాంతర్గామి ‘కల్వరి’ 1967 డిసెంబరు 8న రీగా రేవులో నౌకాదళంలో చేరింది. ఆ తరువాత ఘాజీ మరమ్మతుల కోసం టర్కీకి వెళ్లవలసి వచ్చింది. 1967 నుంచి సూయెజ్ కాలువ మూతబడి ఉన్నందున ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లింది. ఇంత దూరం ప్రయాణించగల జలాంతర్గామి పాకిస్తాన్‌కు ఇదొక్కటే. ఫ్రాన్స్ నుంచి కొన్న మూడు డాఫ్నే తరగతి జలాంతర్గాములు ఆధునికమైనవే, కాని వాటి పరిధి తక్కువ. బంగాళాఖాతానికి ఎవరినైనా పంపాలంటే ఈ పాత నౌకనే పంపాలి.

పంపవలసిన అవసరం ‘విక్రాంత్’ వల్ల కలిగింది. భారతదేశానికి అప్పుడున్న ఏకైక విమాన వాహక నౌక అది. బాయిలర్‌లో పగులు ఏర్పడి వేగం తగ్గినా, తూర్పు పాకిస్తాన్ రేవులను దిగ్బంధించగల సాధనం అదొక్కటే. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ విడిచి, ద్వీపకల్పాన్ని చుట్టి, 2,000 నాటికల్ మైళ్లకు పైబడిన దూరం ప్రయాణించి తూర్పు తీరానికి వచ్చింది. విక్రాంత్‌ను వెదకి ముంచడం, రేవుల ముందు మైన్లు అమర్చడం దానికి అప్పగించిన పనులు.

తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. జలాంతర్గాములూ, మైన్లు ఏరే నౌకలూ మాత్రమే వాడే ఒక రకం కందెన నూనె గురించి చిట్టగాంగ్‌కు వెళ్లిన సందేశం భారత నౌకాదళానికి చిక్కడమే ఆ అనుమానానికి ఆధారమని ఆయన తరువాత రాశారు. విక్రాంత్‌ను ఆయన అండమాన్ దీవుల ప్రాంతానికి తరలించారు. విశాఖలో మాత్రం అది ఉన్నట్లే వ్యవహారం నడిపించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి పాత విధ్వంసక నౌక ‘రాజ్‌పుత్’ను రంగంలోకి దింపి, విమాన వాహక నౌక నుంచి వెలువడేంత విస్తారంగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. వేలమంది నావికులకు సరిపడే మాంసం, కూరగాయలు కావాలని ఊళ్లోని కాంట్రాక్టర్లకు ఆర్డర్లు వెళ్లాయి. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందో తెలుపమని అడుగుతున్నట్లు ఒక తంతిని సంకేత భాష లేకుండా బహిరంగంగానే పంపారు. రహస్యాన్ని కాపాడడం నౌకాదళాలకు అలవాటైన పని; ఒక అబద్ధాన్ని రహస్యంలా నమ్మించి, దాన్ని బజారు కబురుగా బయటికి పొక్కనివ్వడం అంతకంటె కష్టమైన విద్య. విశాఖ కూరగాయల బజారుకు సైతం తనకు తెలియకుండానే ఈ యుద్ధంలో ఒక పాత్ర దక్కింది.

డిసెంబరు 3 అర్ధరాత్రికి కొద్ది ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ రేవు విడిచింది. తీరంలో దీపాలు ఆర్పివేసి ఉన్నాయి. దారి చూపిన పైలట్‌ను దించివేసిన తరువాత, బయట శత్రు జలాంతర్గామి కాచుకొని ఉంటే తాము ఇరుకైన కాలువలో నెమ్మదిగా కదులుతూ సులువైన లక్ష్యమవుతామన్న ఆలోచన కెప్టెన్‌కు వచ్చింది. వేగం పెంచారు. అంతలో కుడివైపు కాపలా నావికుడు నీటిలో అలజడి కనిపిస్తున్నదని తెలిపాడు. రాజ్‌పుత్ అటు తిరిగి రెండు డెప్త్ ఛార్జీలు జారవిడిచింది. ఏమీ కనబడలేదు. నౌక తన దారిన సాగిపోయింది. కొన్ని నిమిషాలకు ఆ పెద్ద పేలుడు వినవచ్చింది.

ఇంతవరకూ కథనం సూటిగానే సాగుతుంది. వివాదమంతా ఆ కొన్ని నిమిషాల్లో ఉన్నది. డిసెంబరు 9న భారత ప్రభుత్వం ఘాజీ మునకను ప్రకటించింది; ఇందర్ సింగ్‌కు వీరచక్ర లభించింది. పాకిస్తాన్ మాత్రం తమ జలాంతర్గామి తానే అమర్చిన మైన్ల వల్ల నాశనమైందని చెబుతూ వచ్చింది. శిథిలాల ముందుభాగంలో ఉక్కు కవచం బయటికి విచ్చుకొని ఉండడం పేలుడు లోపలే సంభవించిందన్న వాదానికి బలమిచ్చింది. అలాంటి పేలుడుకు కారణాలు ఒకటికంటె ఎక్కువ ఊహించవచ్చు. డెప్త్ ఛార్జీ తాకిడికి టార్పెడో గదిలోని మందుగుండు అంటుకొని ఉండవచ్చు. సొంత మైనే తగిలి ఉండవచ్చు. ఆ కాలపు డీజిల్ జలాంతర్గాముల్లో బ్యాటరీలను చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నాలుగు శాతం మించితే ఒక్క నిప్పురవ్వ చాలు. నౌకాదళ చరిత్రకారుడు వైస్ అడ్మిరల్ హీరానందాని ఈ అవకాశాలను చర్చించారే గాని, ఒక్క కారణాన్ని నిశ్చయంగా నిలబెట్టలేదు. తూర్పు సైనిక కమాండ్‌లో అప్పటి చీఫ్ ఆఫ్ స్టాఫ్ జె.ఎఫ్.ఆర్. జేకబ్ మరో అడుగు ముందుకు వేశారు: శకలాల కబురు తనకు డిసెంబరు 3 ఉదయమే, అంటే రాజ్‌పుత్ బయలుదేరక ముందే, అందిందని ఆయన రాశారు. ఆనాటి ఘాజీ పత్రాలు నౌకాదళం వద్ద నిలిచి లేవని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. అది నిజమైతే నష్టపోయినది పాకిస్తాన్ కాదు, మన చరిత్ర రచన. కృష్ణన్ పన్నిన ఎత్తు ఫలించిందనడానికి రెండు డెప్త్ ఛార్జీల సాక్ష్యం అవసరం లేదు: విక్రాంత్ లేని రేవు వాకిట ఘాజీ కాచుకొని ఉండడమే అందుకు నిదర్శనం.

ఈ సందర్భంలో విశాఖ తీరంలోనే జరిగిన మరొక సంఘటనతో పోల్చి చూడవచ్చు. 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తాకు వెళుతున్న వాణిజ్య నౌకల బృందంపై జపాన్ జలాంతర్గామి ‘రో-110’ ఈ నీళ్లలోనే దాడిచేసి ‘అస్ఫాలియన్’ అనే బ్రిటిష్ నౌకను దెబ్బతీసింది. రాయల్ ఇండియన్ నేవీకి చెందిన ‘జమునా’, ఆస్ట్రేలియా నౌకలు ‘లాన్‌సెస్టన్’, ‘ఇప్స్‌విచ్’ కలిసి దానిని ముంచివేశాయి. అందులోనూ ఎవరూ మిగలలేదు. కాని మూడు నౌకలు వెంటాడి చేసిన దాడి గనుక, మూడింటి పత్రాలూ ఉన్నందున, అక్కడ సందేహానికి చోటు లేకపోయింది. ఘాజీ విషయంలో రెండవ సాక్షి లేడు.

సాక్షి లేని చోట కథ పుడుతుంది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ చలనచిత్రం ఈ జలాంతర్గామిని ఒక భారతీయ జలాంతర్గామి ముంచినట్లు చూపింది. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. ఎందరో యువకులకు ఈ పేరు పరిచయమైనదీ దాని వల్లనే. వాస్తవానికి చిత్రంలోని ఎస్-21 సంఖ్య ‘కరంజ్’ జలాంతర్గామిది; యుద్ధకాలంలో అది ఉన్నది అరేబియా సముద్రంలో. అదే సముద్రంలో డిసెంబరు 9న పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ మన ‘ఖుక్రీ’ నౌకను ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఘాజీని తలచుకొనే ఊళ్లో ఖుక్రీని కూడా తలచుకోవడం న్యాయం.

కరంజ్ సహోదర నౌక ‘కుర్సురా’ కూడా ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలోనే గస్తీ తిరిగింది. 2001లో సేవ నుంచి విరమించి, 2002 నుంచి విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. దానికి ఎదురుగానే 1971 విజయానికి స్మారకంగా 1996లో నిర్మించిన ‘విక్టరీ ఎట్ సీ’ ఉన్నది. సందర్శకులు కుర్సురాలోకి ప్రవేశించి, తల వంచుకొని ఒక్కొక్క గుండ్రని ద్వారం దాటుతూ, గోడల వెంట అమర్చిన టార్పెడోల నడుమ నావికులు నిద్రించిన పడకలను చూస్తారు. 2024లో నౌకాదళం లోతుజలాల రక్షణ వాహనంతో ఘాజీ శకలాలను గుర్తించింది. లోపల ఉన్నవారి పట్ల గౌరవంతో వాటిని తాకకుండా వదలివేసింది. ఆ శకలాలు కుర్సురా నిలిచిన ఇసుక తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, బురదలో ఉన్నాయి.