కాలువ కట్టేసిన నెల

ఏప్రిల్ నెలాఖరులో ధవళేశ్వరం లాకుల దగ్గర నిలబడితే గోదావరి కాలువ లోగుట్టంతా బయటపడుతుంది. పది నెలలు నీటి కింద ఉన్న గోడలు పచ్చటి నాచు చారలతో ఎండుతుంటాయి. అడుగున మిగిలిన గుంటల్లో పిల్లలు మోకాలి లోతు బురదలో దిగి చేపలకోసం తడుముతుంటారు. షట్టరు దగ్గర ఇద్దరు కూలీలు ఇనుప బ్రష్షుతో తుప్పు గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలి, లోపలి లోహం తళుక్కుమంటుంది. దాని మీద రెడ్ ఆక్సైడ్ పూత పడుతుంది. ఫ్యాక్టరీవాళ్లు దీన్ని షట్‌డౌన్ అంటారు. మావాళ్లు 'కాలువ కట్టేశారు' అంటారు.

యంత్రాల మరమ్మతులను సాఫ్ట్‌వేర్‌తో నడపడం గురించి ఈమధ్య చాలామంది మాట్లాడుతున్నారు. యంత్రానికో నంబరు, దానికో చరిత్ర, ఫలానా తేదీకి నూనె మార్చాలని ముందుగానే ఒక హెచ్చరిక, చెడిపోతే వర్క్ ఆర్డరు. చెడకముందు చేసే పని ఒక లెక్కలో, చెడ్డాక చేసే పని ఇంకో లెక్కలో. ఇదంతా అమెరికా నుంచో జర్మనీ నుంచో దిగిందని అనుకుంటాం. నన్నడిగితే దాని అసలు సంగతి డెల్టా రైతుకు నూటయాభై ఏళ్లకు పైగా తెలుసు. ఏటా వేసవిలో కాలువ కట్టేయకపోతే సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, నీళ్లు శివారుదాకా రావు.

బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1844లో నివేదిక రాసి, 1847లో పని మొదలుపెట్టి, 1852కల్లా గోదావరి మీద ఆనకట్ట పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పుకోవాలి: ఆ కట్ట కూర్చున్నది రాతి మీద కాదు, ఇసుక మీద. ఇసుకలో దించిన బావుల మీద గోడ, దాని వెనక నీటి దెబ్బ కాచుకోవడానికి గుట్టలుగా పోసిన బండరాళ్లు. వరద వచ్చినప్పుడల్లా ఆ రాళ్లలో కొన్ని కిందికి దిగిపోతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. వరద తీశాక మళ్లీ పోయాలి. అంటే కట్టడం పూర్తయిన రోజునే మరమ్మతు మొదలైందన్నమాట. 1862-67 మధ్య ఒకసారి, 1897-99లో మరోసారి కట్ట ఎత్తు పెంచారు. రాళ్లు పోసే పని మాత్రం ఏటేటా ఉండేదే.

అందుకే కాటన్ కట్టతోపాటు వర్క్‌షాపునూ పెట్టించాడు. ధవళేశ్వరం వర్క్‌షాపులో కొలిమి ఉండేది, వడ్రంగం ఉండేది, లాకు తలుపులూ పడవలూ అక్కడే తయారయ్యేవి, చెడితే అక్కడికే వచ్చేవి. వీణెం వీరన్నలాంటి స్థానిక ఇంజనీర్లు కూలీలను కూడగట్టి పని నడిపించారు. రాజమండ్రి నుంచి కాకినాడకూ, ఏలూరుకూ పడవలు సాగిన రోజుల్లో ఒక్క లాకు తలుపు పట్టేస్తే బియ్యం పడవలన్నీ వరసగా నిలబడిపోయేవి మరి. 1988లో పెట్టిన కాటన్ మ్యూజియం ఆవరణలో పాత యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు వాటి మీదెక్కి ఫోటోలు దిగుతారు. వాటికి గ్రీజు పెట్టిన చేతుల పేర్లు మాత్రం ఏ పలక మీదా కనిపించవు.

1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీతో లెక్క మారిపోయింది. బండరాయి స్థానంలో ఉక్కు వచ్చింది. ధవళేశ్వరం వైపు 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 గేట్లు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడంకెలూ గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకూ కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తేసి నదికి దారి వదలడమే పని. ఏడాదంతా ఊరికే నిలబడి ఉన్న గేటు ఆ ఒక్క రాత్రి లేవాలి. లేవకపోతే అంతకుముందు ఎన్నిసార్లు లేచిందన్నది ఎవరికీ అక్కర్లేదు.

గేటంటే ఒక్క ఇనుప రేకు కాదు. దాన్ని ఎత్తడానికి మోటారు, గేర్‌బాక్సు, బ్రేకు. అంచున నీరు కారకుండా రబ్బరు సీలు. కరెంటు పోతే జనరేటరు. ఉక్కు తాడు ఉన్నచోట దానికి నల్లగా, చిక్కగా పట్టే కార్డియం కాంపౌండు పూయాలి. అది చేతికంటితే సబ్బుకి లొంగదు, కిరసనాయిలుతో తుడుచుకోవాల్సిందే. వీటిలో ఒక్కొక్కదాని ఆయుష్షు ఒక్కోలా ఉంటుంది. రబ్బరు ఎండకు పెళుసెక్కుతుంది, తాడు లోపలి పోగునుంచి కుళ్లుతుంది, జనరేటరు వాడకపోవడం వల్లే చెడుతుంది. 175ని ఇన్నేసి భాగాలతో హెచ్చవేస్తే, ఎవరి బుర్రలోనూ పట్టే లెక్క కాదది. కంప్యూటరు అక్కరకొచ్చేది ఇక్కడే.

పరిశ్రమల్లో ఈ అలవాటు పంచ్ కార్డుల కాలంలోనే మొదలైంది. 1972లో జర్మనీలో పుట్టిన శాప్, 1985లో అమెరికాలో వచ్చిన మాక్సిమో అనే సాఫ్ట్‌వేర్లు దాన్ని పెద్ద కంపెనీలకు చేర్చాయి. కోనసీమ చమురు, గ్యాస్ బావులను రాజమండ్రి నుంచి చూసుకునే ఓఎన్జీసీ కూడా 2000 దశకంలో శాప్ పెట్టుకుంది. గ్యాస్ టర్బైన్లకు తేదీకన్నా తిరిగిన గంటలు ముఖ్యం. ఇన్ని గంటలు తిరిగితే ఫలానా భాగం విప్పి చూడాలని ముందే రాసి ఉంటుంది. గంటలను లెక్కపెట్టడంలో యంత్రాన్ని మించినవాడు లేడు.

కానీ లెక్కకు ముందే కనిపెట్టే మనిషి ఒకడుంటాడు. మా మేనమామ గారి రైస్‌మిల్లులో ఒక ఫిట్టరు ఉండేవాడు. పొట్టు తీసే రబ్బరు రోళ్లు అరిగాయా లేదా అని చూడ్డానికి ఆయన మిషను విప్పేవాడు కాదు. కింద పడుతున్న బియ్యం గుప్పెట్లో తీసుకుని వేళ్ల సందుల్లోంచి జార్చేవాడు. "బాబుగారండీ, నూక చూశారా? రోలు పోయిందండి. ఇయ్యాల మార్చకపోతే రేపు ఇంకా పెరుగుద్దండి ఆయ్" అనేవాడు. మామయ్య ఇంకో రెండ్రోజులు లాగమనేవారు. మూడోరోజు నూకకి వచ్చిన తక్కువ రేటు చూసుకుని, రోలుకి డబ్బులిచ్చేవారు. ఫిట్టరు మాటను రాసుకునే పుస్తకం ఆ మిల్లులో లేదు. సాఫ్ట్‌వేర్‌లో దానికో గడి ఉంటుంది, 'నోటిఫికేషన్' అని పేరు. ఆ గడిలో ఫిట్టరు మాట పడుతుందా, లేక పైవాడు ఒప్పుకున్నాకే పడుతుందా అన్నదే అసలు తేడా.

ఈ తేడా మా జిల్లాలో ప్రాణాల మీదికి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసుకోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పోయి లోపల్లోపల తినేసిందని విచారణలో తేలింది. అంతకుముందే వాసన వస్తోందని చెప్పామని ఊరివాళ్లు అన్నారు.

నీటి గేట్ల సంగతీ అంతే. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి ఊడి కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది ఆగస్టు చివర గుండ్లకమ్మలో ఒకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 33 గేట్లలో 19వదాని గొలుసు తెగింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు, అంటే తాత్కాలిక అడ్డుపలకలు, దింపించి వారంలో అడ్డుకట్ట వేయించారు. అద్భుతమైన పనే. అయితే ఆలోగా పోయిన నీళ్లు పోయినట్టే. ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చి, వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేసి తీరాలంది. కేంద్ర జలసంఘం 2018లోనే 'ధర్మ' అనే పేరుతో ఆనకట్టల ఆరోగ్యం నమోదుచేసే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పేరు బాగుంది. నింపేవాడికి తీరికుండాలి.

తీరిక అనగానే మళ్లీ కాలువ దగ్గరికే రావాలి. డెల్టాలో మరమ్మతుకి తేదీ పెట్టేది ఇంజనీరు కాదు, దాళ్వా, అంటే రబీ వరి. సార్వా కోతలు తుపానుకి చిక్కి ఆలస్యమైతే దాళ్వా నాట్లు వెనక్కి పోతాయి. ఏప్రిల్లో శివారు చేలు ఇంకా పాలు పోసుకుంటుంటే కాలువ కట్టేస్తామనే ధైర్యం ఎవరికుంది? "ఇంకో తడి వదలండి" అని రైతులు గట్టు మీద కూర్చుంటారు. వాళ్లదీ తప్పు కాదు. అలా పదిరోజులు జరిగిందనుకోండి, అవతల జూన్ తొలివారంలో నీళ్లు వదలాలన్న గడువు మాత్రం జరగదు. మధ్యలో మిగిలిన కొద్ది రోజుల్లోనే పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క లాగాలి, షట్టర్లు విప్పాలి. ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో షట్‌డౌన్ తేదీని జరుపుకోవడానికి మేనేజరు ఒక్కడు ఒప్పుకుంటే చాలు. ఇక్కడ పది లక్షల ఎకరాలు ఒప్పుకోవాలి. ఏ పనిని ఈసారికి ఆపి వచ్చే వేసవికి నెట్టారో, ఎన్ని వేసవులుగా నెడుతున్నారో చూపించే ఒక్క పట్టిక చాలు నాకు. మిగతా రంగురంగుల గ్రాఫులు లేకపోయినా పర్లేదు.

జూన్‌లో పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు వదులుతారు. మొదటి నీరు ఎర్రగా, తుక్కూ దూగరా తోసుకుంటూ వస్తుంది. ఫోటోలవాళ్లు వెళ్లిపోయాక కాలువ చూసుకునే లస్కరు ఒక్కడే షట్టరు పక్కన వంగి చూస్తుంటాడు. అంచు వెంట సన్నటి ధార కనిపిస్తే ఫోను తీస్తాడు.

"సార్, మూడోదానికి ఎడమ సీలు కారతందండి."

"ఎంత?"

"చెంబుడంత లేదండి ఇప్పుడైతే."

"సరే, రాసుకున్నా. ఈసారి కట్టేసినప్పుడు చూద్దాం."