జామా మసీదు ప్రాంగణము - మెట్‌కాఫ్ చిత్రసంపుటము

శాసనములు చరిత్రకు ప్రమాణములని ఒప్పుకొన్నంత తేలికగా చిత్తరువులను మనము ప్రమాణములుగా ఒప్పుకొనము. చిత్రకారుడు తన ఊహను కొంత కలుపునను అనుమానమే ఇందుకు కారణము. కాని కర్నల్ మెకంజీ అమరావతిలో వ్రాయించిన చిత్రములు లేకున్నచో, పిమ్మట నశించిన శిలాఫలకములలో కొన్నింటి రూపురేఖలైనను మనకు దక్కెడివి కావు. ఢిల్లీ జామా మసీదు విషయమునను ఇట్టి సాక్ష్యము కలదు. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఇచట విచారింపదలచితిమి.

ఢిల్లీలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా నుండిన సర్ థామస్ థియోఫిలస్ మెట్‌కాఫ్ తన కుమార్తెల కొఱకు 1844లో ఒక సంపుటమును సిద్ధపరచెను. ఢిల్లీ కట్టడములను, మొగలు దర్బారు వైభవమును చూపు నూటికి పైగా నీటిరంగుల చిత్రములు, వానితోబాటు ఆయన స్వహస్తముతో వ్రాసిన వివరణలు అందున్నవి. చిత్రములలో అధికభాగము మజహర్ అలీఖాన్ అను ఢిల్లీ చిత్రకారుని పని. జామా మసీదు చిత్రమును అందు చేరియున్నది. ఇప్పుడీ సంపుటము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో కలదు. ఇట్టి వానిని 'కంపెనీ చిత్రములు' అనుట పరిపాటి. ఈ పేరు సగమే సత్యమని మా అభిప్రాయము. సొమ్ము ఆంగ్లేయునిది, దూరమును, నీడలను చూపు పద్ధతి ఐరోపాది, చేయి మాత్రము మొగలు సూక్ష్మచిత్ర సంప్రదాయమున ఆరితేరినది. రాతి అతుకులను, గుమ్మటముల చారలను విసుగులేక ఒక్కొక్కటిగా దిద్దు ఓర్పు ఆ సంప్రదాయము నుండియే వచ్చినది.

షాజహాను ఈ మసీదును 1650లో ప్రారంభించి 1656లో ముగించెను. భోజలా పహాడీ అను చిన్న గుట్టపై నిర్మింపబడుటచే తూర్పు, ఉత్తర, దక్షిణ ద్వారములకు ఎత్తైన మెట్లవరుసలు కావలసివచ్చెను. లోపల విశాలమైన ప్రాంగణము, దాని నడుమ వజూ చేసికొనుటకు కొలను, మూడు వైపుల స్తంభముల వసారాలు, పడమట ప్రార్థనాశాల. ఆ శాలకు నడుమ ఒక మహాతోరణము, ఇరువైపుల ఐదేసి చిన్న తోరణములు. పైన నల్లని చారలు గల మూడు చలువరాతి గుమ్మటములు. రెండు కొనలను రెండు మీనారులు. తోరణములపై పారసీక శాసనమున్నది. ఆరేండ్ల కాలము, పది లక్షల రూపాయలు పట్టినట్లు అది చెప్పుచున్నది. ఇంత కట్టడము ఒక చిన్న కాగితమునకు దిగినప్పుడు ఆ అక్షరములను అందు వెదకుట వ్యర్థము. పొందికకు, రంగునకు చిత్రము సాక్షి. సంవత్సరమునకు శాసనమే సాక్షి.

చిత్రము విడిచినది మఱొకటి కలదు. నాటి ఢిల్లీ చిత్రకారులు దొరల కొఱకు వ్రాసిన కట్టడముల చిత్రములలో ప్రాంగణములు సాధారణముగా శుభ్రముగను, నిశ్శబ్దముగను ఉండును. అందలి చిన్ని మనుష్యాకృతులు గోడల ఎత్తును తెలుపు కొలబద్దలు మాత్రమే. సయ్యద్ అహమద్ ఖాన్ 1847లో ప్రకటించిన 'ఆసారుస్సనాదీద్' అను ఉర్దూ గ్రంథమును ప్రక్కన పెట్టుకొన్నచో ఈ లోటు తీరును. మసీదు మెట్లపై కబాబులు అమ్మువారు, కథలు చెప్పువారు, బట్టల బేరగాండ్రు అందు మనకు ప్రత్యక్షమగుదురు. అయితే ఆ గ్రంథకర్తయే 1854 నాటి రెండవ కూర్పున ఢిల్లీ ప్రముఖులను గూర్చిన అధ్యాయమును తొలగించెను! మనుష్యులను విడిచి రాళ్లను మిగుల్చు అలవాటు దొరలది మాత్రమే యనరాదు.

1846లో మజహర్ అలీఖానే ఎఱ్ఱకోట లాహోరు ద్వారముపై నుండి నగరమును నలుదెసల చూపు దీర్ఘచిత్రమును వ్రాసెను. దాని పొడవు ఐదు మీటర్లకు దగ్గఱగా నుండును. అందు మసీదు ఒంటరి కట్టడము కాదు. ఇండ్లు, మేడలు, చెట్లు క్రిక్కిరిసిన నగరము నడుమ నుండి దాని గుమ్మటములు పైకి లేచియుండును. సంపుటములోని చిత్రము కంటె చరిత్రకారునికి ఇదియే ఎక్కువ విలువైనదని మేము తలంచుచున్నాము. కారణము ఆ పిమ్మట జరిగిన కథలో నున్నది.

1857 సెప్టెంబరు 14న ఆంగ్లసేన ఢిల్లీ ప్రాకారమును భేదించినప్పుడు, కర్నల్ కాంబెల్ నడిపిన దండు వీధుల వెంట జామా మసీదు దాక వచ్చి, తలుపులను పగులగొట్టు సాధనములు లేక వెనుదిరిగెను. ఆ దండుకు దారి చూపినవాడు థియోఫిలస్ మెట్‌కాఫ్, సంపుటమును కూర్చిన వాని కుమారుడు. తండ్రి 1853లోనే మరణించెను. సెప్టెంబరు 20న మసీదు ఆంగ్లేయుల వశమైనది. ప్రార్థనాస్థలము సైనికుల విడిది యయ్యెను. దానిని కూల్చవలెనను సూచనలును వచ్చెను గాని కూల్చలేదు. కూల్చినది చుట్టునున్న నగరమును. కోటకును మసీదునకును నడుమ నున్న కట్టడములను తొలగించి మైదానము చేసిరి. షాజహాను కాలపు అక్బరాబాదీ మసీదు ఆ వినాశమున నేలమట్టమయ్యెను. కవి గాలిబు తన లేఖలలో ఈ పాడుపడిన నగరమును తలచి తలచి దుఃఖించెను.

కావున 1844 నాటి చిత్రమును చేతబట్టుకొని నేడు మసీదులో ప్రవేశించు పరిశోధకుడు మోసపోవుటకు అవకాశము కలదు. తోరణములు, గుమ్మటములు, మీనారులు అన్నియు సరిపోవును. నడుమ ఏమియు జరుగలేదని తోచును. చిత్రము అబద్ధమాడలేదు. దాని చట్రము ప్రాకారము దగ్గఱ ఆగినది, అంతే.

1862లో కొన్ని నిబంధనలతో మసీదు తిరిగి ముస్లిముల కప్పగింపబడెను. ఐదేండ్ల పిమ్మట ప్రాంగణమున ప్రార్థనలు మరల సాగినవి. తూర్పు మెట్లపై నిలిచి కోటవైపు చూచినవారికి మాత్రము 1846 నాటి ఇండ్లలో ఒక్కటియు కానరాలేదు.