తన లెక్క తానే చెప్పుకునే అంకెల వరుస

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గణితజ్ఞుణ్ణి కాను. అయినా ఒక అంకెల వరుస నన్ను సాటి హేతువాదుల ముందు తలదించుకునేలా చేసింది. ముందు ఆ వరుస చూడండి.

1, 2, 2, 1, 1, 2, 1, 2, 2, 1...

దీన్ని గుంపులుగా విడదీయండి. 1 ఒకసారి, 2 రెండుసార్లు, 1 రెండుసార్లు, 2 ఒకసారి, 1 ఒకసారి, 2 రెండుసార్లు. ఆ 'సార్లు' మాత్రం వరసగా రాస్తే 1, 2, 2, 1, 1, 2... మళ్ళీ అదే వరుస! తన పద్దు తానే రాసుకుని, తానే ఆడిట్ చేసుకునే ఖాతా అన్నమాట. (మా ఆఫీసులో అయితే మెమో ఇచ్చేవారు.)

దీనికి కొలకోస్కీ వరుస అని పేరు. విలియం కొలకోస్కీ 1965లో అమెరికన్ మ్యాథమేటికల్ మంత్లీలో దీన్ని పాఠకులకు ఒక సమస్యగా ఇచ్చాడు. మరుసటి ఏడాది జవాబు అచ్చయింది. ఈ వరుస ఏ దశలోనూ ఒకే ముక్కను తిప్పి తిప్పి చెప్పదని తేలింది. నిజానికి రూఫస్ ఓల్డెన్‌బర్గర్ 1939లోనే తన పరిశోధన పత్రంలో దీన్ని ప్రస్తావించాడు. పేరు మాత్రం తర్వాత వచ్చినవాడికి దక్కింది. నీల్ స్లోన్ 1964లో మొదలుపెట్టిన పూర్ణాంక వరుసల సేకరణలో ఇప్పుడు దీని నంబరు 2.

ఇక నా భాగోతం. ఓ సాయంత్రం కాగితం మీద లెక్కపెట్టాను. మొదటి పదింటిలో 1లు ఐదు. మొదటి ఇరవైలో సరిగ్గా పది. మా సమావేశంలో లేచి, "ఇందులో 1లు, 2లు సగం సగం ఉంటాయి" అని ప్రకటించేశాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, "నిరూపణ ఉందాండీ?" అన్నాడు. బాబాలనూ జ్యోతిష్కులనూ ముప్పై ఏళ్ళుగా నేనడుగుతున్న ప్రశ్న అది! నా దగ్గర జవాబు లేదు.

ఎవరి దగ్గరా లేదని తర్వాత తెలిసింది. ఖ్వాతల్ 1993లో, పోను పోను 1ల వాటా 50.084 శాతం లోపే ఉంటుందని నిరూపించాడు. 2012లో యోహాన్ నిల్సన్ కంప్యూటర్ బలంతో దాన్ని 50.008 దాకా తెచ్చాడు. కచ్చితంగా సగమని ఈనాటికీ ఎవరూ నిరూపించలేదు.

లెక్కలవాణ్ణి, నాకీ సంగతి ముందే తట్టాల్సింది. ఒక తప్పును ఇంకో తప్పు సరిపెట్టేస్తే ట్రయల్ బ్యాలెన్స్ హాయిగా టాలీ అవుతుంది. మరుసటి సమావేశంలో మొదట నా మాట వెనక్కి తీసుకున్నాను. ఆ కుర్రాడు ఆ రోజు రాలేదు.