లోహపు ఇంప్లాంట్లు, మూలకణాలు: ఎముకతో అతుకు చరిత్ర

అరిగిపోయిన తుంటి కీలు స్థానంలో పెట్టే లోహపు కీలు గానీ, ఊడిన పన్ను చోట దవడలో బిగించే స్క్రూ గానీ ఏళ్ల తరబడి కదలకుండా నిలవాలంటే చుట్టూ ఉన్న ఎముక దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చేది లోహం కాదు, మూలుగలోంచి వచ్చి కొత్త ఎముకను పేర్చే కణాలు. వాటికి మూలమైన మూలకణాలను ఇంప్లాంటు దగ్గరకు రప్పించడం, చాలకపోతే అదనంగా చేర్చడం ఈ రంగంలోని పని. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఈ పనికి అవసరమైన రెండు పాయలు, లోహ నిర్మాణాల పరిశోధన, మూలకణాల వైద్యం, వేర్వేరుగా మొదలయ్యాయి.

టైటానియంతో ఎముక కలిసిపోతుందని 1940లోనే బోథ్, బీటన్, డావెన్‌పోర్ట్ పిల్లుల తొడ ఎముకల్లో గమనించారు. దాన్ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ రక్తప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పని పూర్తయ్యాక తీయబోతే అది ఊడిరాలేదు. ఆయన ఆ మొండి అతుకునే పరిశోధనాంశంగా తీసుకుని, 1965లో గోథెన్‌బర్గ్‌లో దవడ వైకల్యంతో పుట్టిన ఒక రోగికి టైటానియం స్క్రూలు బిగించారు. అవి నాలుగు దశాబ్దాల పాటు, ఆ రోగి చనిపోయేదాకా పనిచేశాయి. దంతవైద్య ప్రపంచం ఈ పద్ధతిని నమ్మడానికి మాత్రం 1982 నాటి టొరంటో సదస్సు దాకా ఆగాల్సి వచ్చింది.

లోహం, ఎముక కలిసే చోట జరిగే పని చాలా సూక్ష్మమైనది. గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీరంలో పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీన్లు ఆ పొర మీద చేరతాయి. వాటి మీద రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ పీచుల్ని పట్టుకుని మూలకణాలు లోహం దాకా వస్తాయి. అవి ఎముక కట్టే కణాలుగా మారితే ముందు వదులుగా ముతక ఎముక, నెలల మీద గట్టి పొరల ఎముక ఏర్పడతాయి. అందుకే బ్రానెమార్క్ కింది దవడకు 3 నెలలు, పై దవడకు 6 నెలలు బరువు పడకుండా ఆగమనేవారు. ఈలోగా ఇంప్లాంటు కదిలితే, సుమారు 150 మైక్రాన్లకు మించిన ఊగిసలాట చాలు, అవే కణాలు ఎముకకు బదులు మెత్తని పీచు కణజాలాన్ని అల్లుతాయి. ఇంప్లాంటు వదులవుతుంది.

ఈ కణాల సంగతి బయటపడింది వేరే చోట. 1960ల చివర, 1970ల మొదట్లో మాస్కోలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ మూలుగలో ఎముకను పుట్టించగల కణాలున్నాయని చూపారు. 1991లో ఆర్నాల్డ్ కాప్లాన్ వాటికి మీసెన్‌కైమల్ మూలకణాలన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. చిక్కల్లా వాటి కొరతే: మూలుగలోని కేంద్రకమున్న కణాల్లో అవి 0.001 నుంచి 0.01 శాతమే. వయసు మీదపడిన కొద్దీ ఇంకా తగ్గుతాయి.

ఆ కొరతను తీర్చడానికి జపాన్‌లో హజిమె ఒహ్‌గుషి బృందం రోగి మూలుగ కణాలనే ప్రయోగశాలలో పెంచి, కృత్రిమ చీలమండ కీలు మీద ఎముక కణాలుగా మార్చి అమర్చింది. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. ఆ కీలు లోహం కాదు, పింగాణీ జాతి పదార్థం. కానీ కణాలతో కప్పిన కీలును మనిషిలో పెట్టవచ్చని అది చూపింది. 2007లో గ్లాస్గోకు చెందిన మాథ్యూ డాల్బీ బృందం మరో దారి చూపింది. ఉపరితలం మీద 120 నానోమీటర్ల గుంటల్ని వరుస తప్పించి కాస్త అస్తవ్యస్తంగా చెక్కితే, ప్రత్యేక రసాయనాలేవీ కలపకుండానే మూలకణాలు ఎముక ఖనిజాన్ని తయారుచేశాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే. కణాల్ని బయటినుంచి మోసుకురాకుండా, ఉన్నవాటికే పని అప్పగించే మార్గమిది. 2014లో సౌతాంప్టన్ వైద్యులు త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన టైటానియం తుంటిని, రోగి మూలుగ మూలకణాలు కలిపిన ఎముక పొడితో పాటు అమర్చారు.

ఎమిరేట్స్ పాత్ర ఎక్కువగా లోహం వైపు కనిపిస్తుంది. టైటానియం మిశ్రమం గట్టి ఎముక కంటే ఐదారు రెట్లు బిరుసు. బరువంతా అదే మోస్తే పక్కనున్న ఎముక పనిలేక పలచబడుతుంది. అబుదాబిలోని మస్దార్ ఇన్‌స్టిట్యూట్‌లో, 2017 తర్వాత అది విలీనమైన ఖలీఫా యూనివర్సిటీలో రషీద్ అబూ అల్-రుబ్, ఒరైబ్ అల్-కేతన్ వంటివారు జైరాయిడ్ తరహా వంపు ఉపరితలాలతో అల్లిన లోహ జాలకాల బలాన్ని లెక్కగట్టారు. నాసాలో అలన్ షోన్ 1970లో వర్ణించిన ఆకారమది. ఇలాంటి జాలకంలో బిరుసుతనాన్ని ఎముక స్థాయికి దించవచ్చు. దాని రంధ్రాల గుండా రక్తనాళాలూ మూలకణాలూ లోపలికి పాకుతాయి. 2016లో ప్రకటించిన దుబాయ్ త్రీడీ ప్రింటింగ్ వ్యూహం ఎంచుకున్న మూడు రంగాల్లో వైద్య పరికరాలు ఒకటి.

కణాల వైపు ప్రస్థానం రక్తవ్యాధుల నుంచి మొదలైంది. 2006లో దుబాయ్‌లో బొడ్డుతాడు రక్తాన్ని నిల్వచేసే కేంద్రం వచ్చింది. అబుదాబి స్టెమ్ సెల్స్ సెంటర్ 2020లో కోవిడ్ రోగుల మీద చేసిన ప్రయోగంతో వార్తల్లోకి వచ్చి, అదే ఏడాది మూలుగ మార్పిడి కార్యక్రమంలో భాగమైంది. ఎముక ఇంప్లాంట్లు వీటి తొలి లక్ష్యం కాదు. అయినా రోగి కణాలను తీసి, శుభ్రంగా వేరుచేసి, నిల్వచేసే వసతి లేనిదే ఇంప్లాంట్లకు కణాలు జోడించడం కుదరదు.

ఎమిరేట్స్‌లో ఇంప్లాంట్లకు కణాలు జోడించే అవసరాన్ని పెంచేది మధుమేహం. అక్కడ స్థానికుల్లోనూ, మన ఊళ్ల నుంచి వెళ్లి స్థిరపడినవారిలోనూ అది విరివిగా కనిపిస్తుంది. అదుపు తప్పిన చక్కెర మూలకణాల ఎముక కట్టే శక్తిని తగ్గించి, ఇంప్లాంటు అతుకును ఆలస్యం చేస్తుంది. మామూలు దంత ఇంప్లాంటుకు మాత్రం ఇప్పటికీ అదనపు కణాలు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న దవడలో సొంత కణాలే ఆ పని చేస్తాయి. "స్టెమ్‌సెల్ ఇంప్లాంటు" అని ప్రకటనల్లో కనిపిస్తే ఏ కణాలు, ఎక్కడ తీశారు, ఏ అనుమతితో అని అడగడం రోగి హక్కు. కణాలు జోడించే పరిశోధన ముఖ్యంగా రేడియేషన్ తగిలిన దవడలు, రెండోసారి మార్చాల్సిన తుంటి కీళ్లు, వయసుతో మూలుగ క్షీణించిన ఎముకల మీద సాగుతోంది.